షెడ్డులో అందరి ఫోను

కోటేష్ ఫోను పేరుకే కోటేష్‌ది. సత్తెనపల్లి దగ్గర మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో అతను సూపర్‌వైజరు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు కారం చేతులతో సొంత ఫోను పట్టుకోరు. పట్టుకుని చెవికి ఆనించారా, సాయంత్రందాకా మంటే. అందుకని ఇళ్ళల్లో కోటేష్ నంబరే ఇచ్చుకున్నారు. గుమ్మం పక్క బల్ల మీద ఆ ఫోను మోగితే ఎవరో ఒకరు చేతులు కడుక్కుని తీస్తారు. దాని పిన్ షెడ్డు మొత్తానికీ తెలుసు.

ఆ వారం కంపెనీవాళ్ళు ఆఫీసు మెయిల్ ఫోనులోనే చూడాలన్నారు. మెయిల్ పెట్టబోతే కొత్త పిన్ పెట్టమంది, ఎవరికీ చెప్పొద్దంది, ఇంకా ఏవేవో షరతులు చూపించింది. అవన్నీ చదివే ఓపిక ఎవడికుంది? చకచకా కిందికి జరిపి, ఒప్పుకుంటున్నానని నొక్కేసి, కొత్త పిన్ పెట్టేశాడు.

పిన్ మారిందంటే కొత్తది అడుగుతారు. అడిగితే చెప్పనని అనాలి. మధ్యాహ్నం తన కంచంలో ఇంత కూర వడ్డించే మనుషులతో ఆ మాట అనడానికి అతనికి నోరు రాలేదు. అందుకని అసలేమీ చెప్పకుండా ఊరుకున్నాడు. మొహమాటమని పేరు పెట్టుకున్నాడుగానీ, అది పిరికితనమే.

షెడ్డులో తొడిమలు తీసే మాబూబీ కూతురు గుంటూరు పెద్దాసుపత్రిలో కాన్పుకు చేరింది. కబురు చేస్తాం, అప్పుడు రమ్మన్నారు అత్తింటివాళ్ళు. కోటేష్ గోడౌనుకు వెళ్ళిన సమయంలో ఫోను మోగింది. మాబూబీ చేతులు కడుక్కునేలోపే ఆగిపోయింది. తిరిగి చేద్దామని పాత పిన్ కొట్టింది. తెరుచుకోలేదు. వేళ్ళకు ఇంకా కారం ఉందేమో, అందుకే పట్టడం లేదనుకుంది. సబ్బుతో రుద్దుకుని కొట్టింది. కొబ్బరినూనె రాసి తుడుచుకుని కొట్టింది. పక్కనున్న సాయిలక్ష్మి చేత కొట్టించింది. ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక వస్తే, అది పోయేదాకా ఆగి మళ్ళీ కొట్టింది. చివరికి ఫోను తనంతట తనే ఆగి, వెలిగి, కొత్తగా కొన్నదానిలా భాష ఎంచుకోమంది.

కోటేష్ వచ్చి చూసి చిందులు తొక్కాడు. "ఎవరు కెలికింది దీన్ని? బుద్ధుందా మీకు!"

మాబూబీ చేతులు వెనక్కి దాచుకుంది. "నా కారం చేతులు తగిలి పాడైపోయింది బాబూ. తప్పైపోయింది."

గోడౌను ఫోనుతో కంపెనీకి చేస్తే, "పదిసార్లు తప్పు పిన్ కొడితే మొత్తం చెరిగిపోతుంది సార్. మీరు ఒప్పుకున్నారుగా" అన్నాడు అవతలివాడు. మాబూబీ అల్లుడి నంబరూ అందులోనే పోయింది.

"బండెక్కక్కా" అన్నాడు కోటేష్.

గుంటూరు చేరేదాకా ఆమె వెనక కూర్చుని తన చేతుల్నే తిట్టుకుంటూ ఉంది. నిజం చెప్పేద్దామని అతను ఎన్నిసార్లు అనుకున్నాడో! గేరు మార్చాడేగానీ నోరు విప్పలేదు. ఛీ, ఏం బతుకు, అనిపించింది.

వార్డు బయటే అల్లుడు ఎదురయ్యాడు. "ఇద్దరూ క్షేమమే అత్తా. ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే భయపడిపోయి, అమ్మతో ఒక్క మాట మాట్లాడతానంది. నువ్వు ఎత్తలా. ఏడుస్తూనే లోపలికెళ్ళింది" అని చెప్పి మందులకు పరిగెత్తాడు.

"నా చేతులు కాలిపోను" అంది మాబూబీ.

ఇక కోటేష్ వల్ల కాలేదు. "నీ చేతులు కాదక్కా. పిన్ నేనే మార్చా. చెప్పకూడదన్నారు. మారిందన్న ముక్క కూడా మీకు చెప్పలా."

ఆమె అతని మొహంలోకి చూసింది. "చెప్పకూడదంట అంటే సరిపోయేదిగా. ఎవరడుగుతారు బాబూ?"

అంతలో నర్సు పసిగుడ్డును తెచ్చి అందించబోయింది. మాబూబీ గబుక్కున వెనక్కి తగ్గింది. కడిగి కడిగి ఎర్రబడ్డ చేతుల్ని కొంగులో చుట్టుకుంది.

"నా చేతులకు కారం ఉందమ్మా" అని, కోటేష్ వైపు తిరిగింది. "నువ్వు పట్టుకో, నేను చూస్తా."

కోటేష్ చేతులు చాచాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.