పూజకు పెట్టిన హార్డ్‌డిస్క్

కంప్యూటరు మీద నీళ్ళు పడితే ఏం చెయ్యాలని అడిగిన వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. ఏమీ చెయ్యొద్దు. ప్లగ్గు పీకేసి, చేతులు కట్టుకుని కూర్చుని, నాకు ఫోన్ చెయ్యండి. ఇంత సులువైన సలహా ఈ హోసూరు చుట్టుపక్కల ఒక్కరి చెవికీ ఎక్కదు. పాడైందో లేదో చూద్దామని స్విచ్ వేస్తారు. అప్పటిదాకా బాగున్నది కూడా ఆ దెబ్బతో పోతుంది. "ఒక తూరి ఆన్ చేసి చూస్తినమ్మా" అనే మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది.

నా పేరు దివ్యశ్రీ. మాది మదనపల్లె దగ్గర. హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పనికి వచ్చి, అక్కడ పైవాళ్ళతో పడక బయటికి వచ్చేసి, సొంతంగా సర్వీసు షాపు పెట్టుకున్నాను. పెద్ద కంపెనీలు నా మొహం చూడవు. లేతు మిషన్ల వాళ్ళు, పూల నర్సరీల వాళ్ళు, హోల్‌సేలు కిరాణా వాళ్ళు, ఇంటి పట్టున ఏదో ఒక పని చేసుకునే ఆడవాళ్ళు, వీళ్ళే నా గిరాకీ. నాది పెద్ద నోరని ఊరంతా తెలుసు. అయినా వస్తారు. రిపేరయ్యే సామాను పోయిందని చెప్పి కొత్తది అంటగట్టనని వాళ్ళకు నమ్మకం.

ప్రేమ కూడా అలా వచ్చిన మనిషే. కృష్ణగిరి రోడ్డులో కుందారపల్లి వాళ్ళ ఊరు. భర్త తిలక్, అత్త అలివేలమ్మ టమాటా సేద్యం చేస్తారు. ప్రేమ మొదట్లో ఫ్యాక్టరీ బస్సెక్కి హోసూరుకు వచ్చి పనిచేసేది. తరువాత ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుంది. రవికెల మీద వేసే పువ్వులూ తీగెలూ ముందు కంప్యూటరులో గీసి, సూది ఏ కుట్టు తరువాత ఏ కుట్టు వెయ్యాలో అందులోనే చెప్పాలి. దాన్నే పంచింగ్ అంటారు. చాలామంది రెడీమేడ్ డిజైన్లు తెచ్చుకుని కుట్టేస్తారు. ప్రేమ మాత్రం తనే గీస్తుంది. ఆమె గీసినవి ఇంకెక్కడా దొరకవు.

అందుకే హోసూరులో ఒక పెద్ద రవికెల షాపు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. దసరా అయ్యాక సోమవారం కొత్త నమూనాలు తీసుకురమ్మంది. నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ళ పనంతా ప్రేమకే. నచ్చకపోతే మిషను అమ్మేసి మళ్ళీ ఫ్యాక్టరీ బస్సు ఎక్కడమేనని ప్రేమ నాతో ముందే చెప్పింది. షెడ్డు ఆ ఒక్క షాపు మీదే నిలబడాలి.

నేను చెప్పవలసినవన్నీ మొదట్లోనే చెప్పాను. డిజైన్లు కంప్యూటరులో ఉంటే చాలదు, ఇంకో కాపీ బయటి హార్డ్‌డిస్కులో ఉండాలి, ఆ డిస్కు షెడ్డులో కాకుండా వేరే చోట ఉండాలి అన్నాను. వారానికొకసారి, ఏదో ఒక రోజు పెట్టుకుని కాపీ చేసుకోమన్నాను. సీపీయూకు పక్కనుండే మూత ఎప్పుడూ ఊడదియ్యొద్దని కూడా అన్నాను. ఎండకు వేడెక్కుతోందని ఆ మూత తీసి మంచం కింద తోసేసింది. డిస్కేమో కొన్నాళ్ళు బుద్ధిగా బీరువాలో ఉండి, తరువాత సీపీయూ నెత్తిన కాపురం పెట్టింది. వెళ్ళినప్పుడల్లా నేను తిట్టడం, ఆమె నవ్వి కాఫీ ఇవ్వడం మామూలైపోయింది.

విజయదశమి ఉదయం తిలక్ ఫోన్ చేశాడు. కంప్యూటరు టప్పుమని పేలి పొగ వచ్చిందన్నాడు. నీళ్ళు ఏమైనా పడ్డాయా అని అడిగాను. "నీళ్ళంటే నీళ్ళు కాదక్కా, పసుపునీళ్ళు" అన్నాడు. నా నోటికి వచ్చిన మాట పండగ పూట రాయడం బాగుండదు.

బండి తీసుకుని బయలుదేరాను. సూళగిరి దాటేదాకా రోడ్డంతా పగలగొట్టిన బూడిదగుమ్మడికాయలే. లారీలకు కట్టిన అరటి పిలకలు గాలికి ఊగుతున్నాయి. వాళ్ళను ఎలా కడిగెయ్యాలో దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూనే పోయాను.

జరిగింది ఇదీ. అలివేలమ్మ ప్రతి ఆయుధ పూజకూ కొడవళ్ళు, పారలు, మందు కొట్టే స్ప్రేయరు, ట్రాక్టరు అన్నీ శుభ్రంగా కడిగి బొట్లు పెడుతుంది. షెడ్డు పెట్టిన దగ్గరనుంచీ అందులోని సామాను మాత్రం ఏనాడూ పూజకు రాలేదు. కోడలు సేద్యం వదిలేసి రేకుల కింద కూర్చుంటుందని ఆమెకు లోపల చిన్న అలక. ఈ ఏడు ఏమనుకుందో, కోడలి పనిముట్లు కూడా పూజలో ఉండాలని తనే అంది. తిలక్ వైర్లు పీకి సీపీయూ, కీబోర్డు, కత్తెర్లు, దారం కండెలు, ఆఖరికి ఆ డిస్కు కూడా వసారాలోకి మోసుకొచ్చి కొడవళ్ళ పక్కన పేర్చాడు. ఆమె తడిగుడ్డతో అన్నీ తుడిచింది. పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. మామిడాకులతో కలశం నీళ్ళు చల్లింది. మూత లేని సీపీయూ కదా, నీళ్ళు తిన్నగా లోపలికే పోయాయి.

అప్పుడు నువ్వేం చేస్తున్నావని ప్రేమను నిలదీశాను. గుగ్గిళ్ళు తాలింపు వేసి పళ్ళెం పట్టుకుని వస్తూ గడపలో నిలబడి చూశానంది. చూసి ఎందుకు ఊరుకున్నావని కసిరాను.

"నోరు రాలేదక్కా. మా అత్త నా పనిని దేవుని ముందర పెట్టింది అదే మొదలు. వద్దని యెట్ల చెప్పేది?"

పేర్చుకున్న మాటల్లో సగం అక్కడే ఎగిరిపోయాయి. మిగతా సగం తిలక్‌కు దక్కాయి. ఆయుధ పూజ నాడు పనిముట్టు ముట్టకూడదని ఆ రోజు ఎవరూ దేన్నీ కదిలించలేదు. తెల్లవారి హారతి ఇచ్చాక, పూజ చేసిన పెట్టె మొదట తనే ఆన్ చెయ్యాలని అతనికి సరదా పుట్టింది. లోపల ఇంకా తడి ఉంది. స్విచ్ వెయ్యగానే పవర్ సప్లై కాలి, లోపలి డిస్కును కూడా తీసుకుపోయింది. విప్పి చూశాను. దాని మీద ఆశ పెట్టుకునేందుకు ఏమీ లేదు. అసలూ కాపీ ఒకే పళ్ళెంలో పెట్టి నీళ్ళు చల్లిన ఇల్లు ఇదొక్కటేనని గట్టిగానే అరిచాను. మీరు షెడ్డుకు తాళాలు రెండు వేస్తారు గానీ, లోపలి సొత్తును ఒక్క దారప్పోగు మీద వేలాడదీస్తారని కూడా అన్నాను.

అలివేలమ్మ షెడ్డు లోపలికి రాలేదు. గుమ్మం బయట గోడకానుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఏదో పెట్టుకుని పైట కప్పుకుంది. నేను అరవడం ఆపాక మెల్లగా అడిగింది.

"నా చేత్తోనే పాడు చేసినానా తల్లీ?"

ఆ గొంతు వినగానే నా కోపమంతా నీరుగారిపోయింది. ఎంతమందిని తిట్టానో లెక్కలేదు గానీ, ఆ పూట మాత్రం నా నోరు కాస్త చిన్నదై ఉంటే బాగుండేదని నిజంగా అనిపించింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఒళ్ళో ఏముందని అడిగితే పైట తీసి చూపించింది. హార్డ్‌డిస్కు. పసుపు ఇంకా దాని మీదే ఎండి ఉంది. తిలక్ దీన్ని కూడా తన ల్యాప్‌టాప్‌కు తగిలించబోయాడట. కంప్యూటరు పేలిన చప్పుడుకు భయపడి ఆమె గభాల్న లాక్కుందట. మళ్ళీ అడిగినా ఇవ్వలేదట.

"దీన్ని ఎవురూ ముట్టలేదు. నువ్వు వచ్చేదాకా ముట్టనియ్యలేదు."

వైరు పెట్టే చోట కుంకుమ నీళ్ళు దిగి గట్టిపడ్డాయి. అప్పుడే తగిలించి ఉంటే ఇదీ కాలిపోయేది. ఆ మాటే ఆమెకు చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు. తిలక్‌ను పిలిచి అతని ఎదుటే మళ్ళీ చెప్పాను. ఇంట్లో నా సలహా పాటించింది ఈమె ఒక్కతేనని, అది కూడా నేను చెప్పకుండానే అని అన్నాను. అతను తల గోక్కుంటూ నిలబడ్డాడు.

స్క్రూలు విప్పి, డిస్కు అడుగున ఉండే చిన్న బోర్డు ఊడదీశాను. మెత్తటి బ్రష్షుతో, స్పిరిట్‌తో ఆ పసుపూ కుంకుమా తుడుచుకుంటూ వచ్చాను. ఫ్యాను కింద ఆరబెట్టి, ఆరేదాకా తినమంటే బొరుగులూ గుగ్గిళ్ళూ తిన్నాను. ప్రేమ తినలేదు. ఆ బోర్డు వంకే చూస్తూ కూర్చుంది. చూస్తే ఆరదమ్మా, గాలికి ఆరుతుంది అన్నాను. నవ్వలేదు.

బోర్డు బిగించి, కొత్త వైరుతో నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను. డిస్కు తిరుగుతున్న సన్నటి చప్పుడు వినబడింది. ఫోల్డరు తెరుచుకుంది. మామిడిపిందెలు, నెమళ్ళు, గొలుసులు, ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ప్రేమ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంకో మాట మాట్లాడేలోపు ముందు అన్నిటినీ నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను.

కళ్ళు తుడుచుకుని మౌసు పట్టుకుంది ప్రేమ. కిందికీ పైకీ వెతికింది. మళ్ళీ వెతికింది. చివరిసారి కాపీ చేసింది వినాయక చవితికి ముందేనట. షాపుకు ఇవ్వవలసిన నమూనాలు ఆ తరువాత గీసినవి. అవి కాలిన కంప్యూటరులోనే ఉన్నాయి.

"సోమవారానికి కావల్సినవే లేవక్కా" అంది.

కాగితం మీద గీసుకున్నావా, ఫోటో ఏదైనా తీసుకున్నావా అని అడిగాను. ఏమీ లేదంది. పొద్దున్నే చూసి వచ్చి, చూసింది చూసినట్టు కంప్యూటరులోనే గీసిందట. ఎక్కడ చూశావని అడిగితే తల వంచుకుంది. గుమ్మం వైపు ఒకసారి చూసి, ఇంక దాచి లాభం లేదనుకుందేమో, గొంతు పెంచి చెప్పింది.

"మీ ముగ్గులే అత్తమ్మా. వాకిట్లో మీరు వేసేవి. ఇంటి ముందర వేసే ముగ్గు ఎవురెవురి రవికెల మీదో కుట్టేదానికి మీకు కోపమొస్తుందని చెప్పలేదు. ఆ మెలికలు యెట్ల తిరిగినాయో నాకు గుర్తు రావటం లేదు."

బయట గాజులు కదిలాయి. అలివేలమ్మ గోడ పట్టుకుని లేచింది. పొద్దున్నుంచీ దాటని గడప దాటి లోపలికి వచ్చింది.

"దీనికా మే ఏడస్తా ఉండావు? ముగ్గంటే దినామూ తొక్కి చెరిపేసేదే కదా. తెల్లారితే మళ్ళా వేస్తా ఉండాను కదా. యేది కావల్ల నీకు, చెప్పు."

తిలక్‌ను పంపి ముగ్గుపిండి తెప్పించింది. మిషను ముందు నేల తనే ఊడ్చింది. అక్కడ పిండికి తప్ప నీళ్ళకు చోటు లేదని నేను అడ్డుపడితే, తెలుసులే అన్నట్టు చూసింది. చుక్కలు పెట్టి, వేళ్ళ సందునుంచి పిండి వదులుతూ మెలిక తిప్పింది. ప్రేమ నా ల్యాప్‌టాప్ తీసుకుని, నేను అందులో ఎక్కించి ఇచ్చిన పంచింగ్ సాఫ్ట్‌వేరు తెరిచి, నేల మీదే ఆమె పక్కన కూర్చుంది. ఈడ తిరగల్ల, ఆడ కాదు అని అత్త చెబుతుంటే గీసుకుంటూ పోయింది. ఒకటి అయ్యాక దాన్ని తుడిచి ఇంకొకటి వెయ్యబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. నేను ఫోటో తీసి, ప్రేమకూ తిలక్‌కూ పంపి, నా దగ్గర కూడా ఉంచుకున్నాకే తుడవనిచ్చాను. నీ చాదస్తం నీది అంది అలివేలమ్మ. అవునన్నాను.

ల్యాప్‌టాప్ అక్కడే వదిలి, సీపీయూ బాగయ్యాక మూత బిగిస్తానని తిలక్ దగ్గర మాట తీసుకుని, బండెక్కి హోసూరు వచ్చేశాను. పండగ సెలవులన్నీ ఆ షెడ్డులో మిషను ఆగకుండా నడిచిందట. సోమవారం ప్రేమ నమూనాలు తీసుకుని షాపుకు వెళ్ళింది. ఈసారి అలివేలమ్మ కూడా కొత్త చీర కట్టుకుని వెంట వెళ్ళింది. షాపామె ముగ్గు మెలికలున్న రవికెను చేత్తో తడిమి తడిమి చూసి, ఏడాది పనంతా ఇస్తానంది. ఇవి ఎవరు గీసిన డిజైన్లని అడిగింది.

"మా అత్తమ్మవి" అని ప్రేమ పక్కనున్న మనిషిని చూపించింది.