ముత్తక్క రెపట్రీ

చాటలో బియ్యం చెరుగుతూ ముత్తక్క రాగం తీస్తోంది. చివరి ముక్క దగ్గర గొంతు లావు చేసి మగవాడిలా హుంకరించింది. పొట్టి మనిషి. పొగకు ఎర్రబడ్డ కళ్లు, పసుపు వదలని వేళ్లు. మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచ బడిలో పిల్లలకు ఖిచిడీ వండుతుంది.

గుమ్మంలో నిలబడి విన్న జ్యోత్స్న మేడమ్ నవ్వింది. "ముత్తక్కా, నీ రెపర్టరీ పెద్దదే ఉన్నట్టున్నది!"

"ఏంది మేడమ్? బ్యాటరీయా?"

"కాదు. నాటకాలోళ్లు తయారుగ పెట్టుకున్న ఆటలన్నిటిని కలిపి ఇంగ్లీషుల గట్ల అంటరు. ఎప్పుడు అడిగితే అప్పుడు ఆడాలె."

"అయితే రెపట్రీ మా అన్నది. నాది ఉత్త వినికిడే."

అన్న సాంబన్న పొద్దుటి బస్సుకే ఆష్టి నుంచి వచ్చాడు. సాయంత్రం బడి వార్షికోత్సవం, అదే గ్యాదరింగ్‌లో అతను రాకాసిరాజు కథ పాడాలి. తండ్రి నడిపిన భాగోతం మేళంలో మిగిలింది అతనొక్కడే. ఆ మేళంలో ఆడవేషాలూ మగవాళ్లే కట్టేవారు. ముత్తక్క తెర వెనక వాళ్లకు చీరలు చుట్టేది, పెదవులు కదుపుతూ అందరి మాటలూ నేర్చుకునేది. తెర దాటి ఏనాడూ రాలేదు.

ముత్తక్క వడ్డన ముగించి వంటగదికి వచ్చేసరికి సాంబన్న వేడినీళ్లు తాగుతున్నాడు. జలుబు గొంతు మీద పడింది. పద్యం ఎత్తితే గాలి తప్ప మాట రావడం లేదు.

"నువ్వు ఆడు, చెల్లె," అన్నాడు గుసగుసగా.

"నేను రాజునా? నలుగురు నవ్వరా అన్నా?"

"మీసం తీసి నేను రాణిని కాలేదా? ఎవలన్న నవ్విండ్రా?"

ముత్తక్క ఖిచిడీ గుండిగ అడుగు మసి వేలితో తీసి మీసం దిద్దుకుంది.

వేదిక ఎక్కగానే పిల్లలు గొల్లుమన్నారు. ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది. ముందు వరుసలో కూర్చున్న సాంబన్న తొడ మీద తాళం వేశాడు. ఆ దెబ్బకు ఆమె వెన్ను నిటారైంది.

"ఎవడ్రా నా కొలువుల నవ్వింది?"

అంతా గప్‌చుప్. రాజు మీసం మెలేస్తూ వెళ్లి హెడ్‌మాస్టర్ ముందు ఆగాడు. "నువ్వేనా?" ఆయన నిజంగానే ఉలిక్కిపడి తల అడ్డంగా ఊపాడు. పిల్లలు బెంచీలు ఎక్కి చప్పట్లు కొట్టారు.

"అజూన్ ఏక్! ఇంకోటి, ఇంకోటి!"

ముత్తక్క కొంగుతో మసి తుడిచేసి రాణి అయింది. ఆ వెంటనే నడుము వంచి, రాణిని సాధించే ముసలి అత్త అయింది. జ్యోత్స్న వైపు తిరిగి, "మేడమ్, ఇంకా ఉన్నయి!" అని అరిచింది.

గేటు బయట ఆష్టి బస్సు హారన్ కొట్టింది. సాంబన్న లేచి, చెల్లెలి ఆట ఆపకుండా పక్కగా నడిచి వెళ్లిపోయాడు.

ఆట ముగించి, రొప్పుతూ, నవ్వుతూ ముత్తక్క కిందికి దిగింది. అన్న కూర్చున్న కుర్చీలో, మేళం పెద్ద కాళ్లకు తప్ప ఎవరికీ కట్టని తండ్రి గజ్జెలు ఉన్నాయి. వాటి తోలుపట్టీ పాత చెమటలకు నల్లగా నిగనిగలాడుతోంది.