నారుకుళ్లు మోసిన ట్రే

నేను ఒక నల్లటి ప్లాస్టిక్ నారు ట్రేని. ఒంటినిండా తొంభై ఎనిమిది గుంతలు. వేడి రేకుగా అచ్చులో పడి పుట్టి, మదనపల్లె దగ్గర గంగులప్ప టమాటా నర్సరీకి వచ్చిపడ్డాను. యజమాని ఆయనే అయినా, నన్ను చూసుకున్నది మాత్రం అక్కడ పనిచేసే కదిరమ్మ.

రోజూ పొద్దున్నే ఆమె ఆకులు తిప్పి తెల్లదోమ ఉందేమో చూసేది. మూలన ఒక మొక్క పీకి, వేరు తెల్లగా ఉందో లేదో చూసేది. రైతుల దగ్గర్నుంచి తిరిగొచ్చిన ట్రేలను మందునీళ్లలో ముంచి, ఎండలో ఆరబెట్టాకే మళ్లీ కొబ్బరిపొట్టు నింపనిచ్చేది.

ఒకరోజు నాలోని నారు చూసి ఆగిపోయింది. "అన్నా, కాడ అడుగున నల్లబడతాండాది. నారుకుళ్లు. ఇది రైతుకు ఇయ్యొద్దు."

"పైన పచ్చగానే ఉండాది గదా. నువ్వు నీళ్లు పొయ్, చాలు," అన్నాడు గంగులప్ప. మనుషులకు పైన పచ్చగా కనిపిస్తే చాలు.

ఆ నారు కొన్న రైతు వారం తిరక్కుండానే వాడిపోయిన మొక్కలనూ, నన్నూ పట్టుకొచ్చాడు. గంగులప్ప తడుముకోకుండా, "ఈయమ్మే నీళ్లెక్కువ పోసి చంపేసింది," అని అందరి ముందూ ఆమెను పనిలోంచి తీసేశాడు. ఇరవై ఏళ్లు నారు పెంచిన చేతికి ఆ మాట! తర్వాత చుట్టుపక్కల ఏ నర్సరీవాళ్లూ ఆమెను పిలవలేదు. నా కడుపు మండిపోయింది. వీణ్ణి వదలకూడదనుకున్నాను.

కదిరమ్మ లేదు గనుక నన్ను కడిగేవాళ్లూ లేరు. తెగులు పట్టిన పొట్టు గుంతల్లో అలాగే ఉండిపోయింది. ఈసారి గంగులప్ప తన సొంత చేనికని నాలోనూ, నా తోటి ట్రేల్లోనూ స్వయంగా విత్తనం పెట్టుకున్నాడు. ఆ తెగులును పసిబిడ్డలా కాపాడాను. నారు రెండాకులు వేసి, ఒక్కొక్కటే నడుము విరిగి పడిపోతుంటే, ఆయన ముఖం చూసి నాకు పండగలా అనిపించింది. మొక్కల మీద జాలి కూడా కలగలేదు.

చివరికి ఆయనే వెళ్లి కదిరమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె నా గుంతలో గోరుతో గీకి, ఆ పాత పొట్టును ఆయన అరచేతిలో పెట్టింది.

"నీళ్లు కాదన్నా, ఇదీ. ఆ పొద్దు అందరి ముందర అన్న మాట, ఈ పొద్దు అందరి ముందర ఎనక్కి తీసుకో."

పనివాళ్లంతా చూస్తుండగా ఆయన తల దించుకుని, "తప్పు నాదేనమ్మా," అన్నాడు. నా కసి తీరింది.

అప్పుడామె నన్నెత్తి పాత ట్రేల కుప్ప మీద పడేసింది. "దీన్ని కడిగి కూడా వాడొద్దు. పాత సామాన్లోడికీ ఇయ్యొద్దు. ఇంకో రైతు మునుగుతాడు. కాల్చేయండి."

ఇంకో రైతు సంగతి నాకు తట్టనే లేదు. కిరసనాయిలు తేవడానికి మనిషి వెళ్లాడు. ఇదంతా ఆమె కోసమే చేశానని ఆమెకు చెప్పేవాళ్లెవరూ లేరు.