భారతి విమానం ముక్కు

హన్మకొండలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే భారతికి యాభై దాటాక విమానాల పిచ్చి పట్టింది. పిచ్చి అన్నది ఆమె భర్త రమాకాంత్ మాట. ఆమె థర్మాకోల్ షీట్లు కోసి, బారెడు రెక్కలతో రిమోట్ విమానం తయారుచేస్తుంటే ఆయన సోఫాలో పడుకుని సలహాలిచ్చాడు. ఆదివారం పొద్దున మడికొండ అవతల ఖాళీ ప్లాట్లకు ఎగరేయడానికి బయలుదేరితే, పిలవకపోయినా వెంట వచ్చాడు.

విమానం లేచింది గానీ ముక్కు కిందికే వాలుతోంది. భారతి రిమోట్ మీది స్టిక్‌ను తనవైపు లాగిపట్టింది. తోక వెనకాల కదిలే పలక, ఎలివేటర్, పైకి లేచింది. గాలి తోకను కిందికి నొక్కింది, ముక్కు పైకొచ్చింది. వేలు వదిలితే మళ్లీ వాలుడే. బొటనవేలు గుంజుతోంది. కంట్లోకి చెమట కారుతున్నా తుడుచుకునే దారి లేదు.

"స్టిక్ పక్కన ట్రిమ్ బటనుంది చూడు. అది నొక్కితే ఎలివేటర్ జర లేచి గట్లనే ఉంటది. నువ్వు పట్టుకునే పని లేదు" అన్నాడు రమాకాంత్.

నిజమే చెప్పాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారేమో.

"ఎటు నొక్కాలె?"

"ముక్కు పైకి రావాలంటే పైకే! గిది గూడ చెప్పాల్నా?"

ఆమె వద్దనేలోపే చెయ్యి చాపి టిక్కుటిక్కుమని పైకి నొక్కేశాడు.

విమానం నేలమీద మనసు పడ్డట్టు దూకింది. స్టిక్‌ను ముందుకు తోస్తే ముక్కు దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది. ట్రిమ్‌కూ అదే లెక్కని, బటన్ పైకి నొక్కడమంటే స్టిక్‌ను ముందుకు తోసినట్టేనని భారతికి అప్పుడు తట్టింది. స్టిక్‌ను మొత్తం లాగేసింది. మేస్తున్న బర్రె వీపుకు జానెడు ఎత్తులో విమానం దూసుకుపోయింది. బర్రె తలైనా ఎత్తలేదు. రమాకాంత్ మాత్రం బోర్లా పడుకున్నాడు.

"ఇంకోసారి ముట్టుకుంటే మీకే పెడ్త ట్రిమ్!"

ఆమె బటన్‌ను కిందివైపు ఒక్కొక్క టిక్కే నొక్కుతూ పోయింది. నొక్కినకొద్దీ వేలిమీద బరువు తగ్గింది. చివరికి భయంభయంగా వేలు తీసేసింది. విమానం దాని దారిన అది తిన్నగా పోతోంది. భారతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"చూసినవా, నేను చెప్పలే?" అన్నాడు రమాకాంత్ నేలమీది నుంచే.

దించుదామని మోటారు వేగం తగ్గిస్తే ముక్కు మళ్లీ వాలింది. ఒక వేగానికి కుదిరిన ట్రిమ్ ఇంకో వేగానికి కుదరదు మరి. ఈసారి ఆమె కంగారుపడకుండా స్టిక్ లాగుతూ గడ్డిలో పొట్టమీద దించింది.

"రిమోట్ ఇటియ్యి, జర నేను చూస్త."

"మీరు విసురుండ్రి. ఎగరేసేది నేనే."

రమాకాంత్ గొణుక్కుంటూనే విమానాన్ని తలపైకెత్తి, పొట్ట ఊపుకుంటూ ఉరికి, విసిరాడు. అది లేచింది. ఇద్దరూ మెడలు నొప్పిపెట్టేదాకా చూశారు. అంతసేపూ ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు.