అక్క లేని దళం

సైన్యం నుంచి నాలుగు రోజుల సెలవు మీద వచ్చిన అక్క బూట్లయినా విప్పకుండా చెల్లెలి గదిలోకి వెళ్ళి, బల్ల మీదున్న దరఖాస్తు తీసి చదివింది. సైన్యం, నౌకాదళం, వాయుసేన అని మూడు గడులున్నాయి. సైన్యం గడిలో మొదటి కోరికగా పెన్సిలుతో ఒకటి అంకె వేసి ఉంది.

"ఇది చెరిపెయ్," అంది.

చెల్లెలు అప్పుడే పని నుంచి వచ్చి, చేతులకంటిన నూనె వదిలించుకుంటోంది. ఐదేళ్ళుగా ఆమె పని మేనమామ లేత్ షాపులోనే. లేత్ యంత్రం మీద తిప్పుతూ ఇనపకడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్ళు లేరు. ట్యాంకులు బాగుచేసే సైనిక వర్కుషాపుల్లో మనిషిని మించిన పొడవు లేతులుంటాయని ఎవరో చెప్పినప్పటి నుంచీ ఆమె మనసు అటే లాగుతోంది. ఎల్లుండే పరీక్ష. కాగితం అక్కడే ఇవ్వాలి.

ఎందుకు చెరపాలని అడిగింది. ఎండలో పరుగులనీ, బురదలో పడకలనీ అక్క ఏవేవో చెప్పింది. మరి నువ్వెలా ఉంటున్నావంటే మాత్రం వంగి బూట్లు విప్పుకోసాగింది. భోజనాల దగ్గర అమ్మ కల్పించుకుని, ఇద్దరూ ఒకచోటే ఉంటే తనకు నిశ్చింతగా ఉంటుందంది. అక్క కంచం పక్కకు నెట్టి లేచిపోయింది.

మర్నాడు చెల్లెలు సరుకు తేవడానికి బయటికెళ్ళిన వేళ చూసి ఆమె నేరుగా లేత్ షాపుకు వెళ్ళింది. చెల్లెలికి పని అనుభవం ఉన్నట్టు కాగితం రాసివ్వొద్దని మేనమామను అడిగింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అని నవ్వేసి, ఆయన ఆ కాగితం అప్పటికే రాసిచ్చేశానన్నాడు. సాయంత్రం జరిగిందంతా చిన్న మేనకోడలి చెవిన వేశాడు.

చెల్లెలు ఇంటికొచ్చి గది తలుపు మూసింది.

"నీ నోటికాడ కూడు నేనేమన్నా లాక్కున్నానా?"

"లాక్కున్నావు." అక్క మంచం మీంచి లేవలేదు. "ఆ పెద్ద లేత్ నాది. మూడేళ్ళు దాని మీద పని చేశాను. నువ్వొచ్చిన ఆర్నెల్లకి మావయ్య నన్ను పక్కకి లేపి నిన్ను నిలబెట్టాడు. నా చేతికి ఆకురాయి ఇచ్చి, నువ్వు చెక్కినవాటికి అంచులు నున్నగా రుద్దమన్నాడు. ఒక్కసారన్నా వెనక్కి తిరిగి నా మొహం చూశావా?"

చూసింది. చూసి సంతోషించింది కూడా. ఒప్పుకోవడానికి నోరు రాక, ఇంకో మాట వచ్చింది.

"నీకు పని రాకపోతే నన్నేం చెయ్యమంటావు?"

అక్క చెయ్యెత్తుతుందనుకుంది. ఎత్తలేదు. గొంతు మాత్రం బాగా తగ్గింది.

"అక్కడ నాకు పని వచ్చు. నా కింద పదిమంది డ్రైవర్లున్నారు. లేత్ పనివాళ్ళని మా క్యాంపుకే పంపుతారు. నువ్వొస్తే మళ్ళీ ఆర్నెల్లు చాలు."

చెల్లెలు దరఖాస్తు తీసి, పెన్సిలు అంకె మీద సిరాతో గట్టిగా దిద్దింది. అక్క చూస్తుండగానే.

పరీక్ష రోజు మూడు దళాల అధికారుల ముందు ఇరుసులాంటి ఒక చిన్న షాఫ్టు చెక్కమన్నారు. మిగతావాళ్ళు సగంలో ఉండగానే ఆమె ముగించింది. తలనెరిసిన నౌకాదళం అధికారి దాన్ని మైక్రోమీటరుతో కొలిచాడు. నమ్మకం చాలక మళ్ళీ కొలిచాడు. ఓడలో కూడా లేత్ ఉంటుందని తెలుసా అని అడిగాడు. నడిసముద్రంలో ఏదన్నా విరిగితే బజారుకు పరిగెత్తలేరట. కొత్తది ఓడలోనే చెక్కుకోవాలట.

"కాళ్ళ కింద నేల ఊగుతుంటే చెక్కగలవా?"

"తెలీదండీ."

"ఎక్కితేగాని ఎవరికీ తెలీదు."

నిలకడగా ఉన్న నేల మీద తను చెక్కలేనిది ఆ వీధిలో ఏమీ మిగల్లేదు. ఊగే నేల సంగతి ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. దరఖాస్తు ఇంకా చేతిలోనే ఉంది. సిరా అంకె కొట్టేసి నౌకాదళం గడిలో ఒకటి వేసింది. ఇది అక్క కోసం కాదని ఇంటికి వెళ్ళేదాకా తనకు తాను చెప్పుకుంటూనే ఉంది.

సంగతి విని అక్క మొహం ఎర్రబడింది.

"నాకు ముష్టి వేస్తున్నావా?"

"నీకు ముష్టి వేసేంత ప్రేమ నాకు లేదు. పని నచ్చింది, పోతున్నాను."

సెలవు ఇంకో రోజుండగానే అక్క మర్నాడు పొద్దున్న బస్సెక్కేసింది. పెద్దదాన్ని ఇంట్లోంచి తరిమేశావని అమ్మ చిన్నకూతురితో వారం రోజులు మాట్లాడలేదు. మూడు నెలలకు ఆ చిన్నకూతురూ వెళ్ళిపోయింది.

మొదటి ప్రయాణంలో పదకొండు రోజులు ఆమెకు కడుపులో నీళ్ళు నిలవలేదు. లేత్ పక్కనే బకెట్టు పెట్టుకుని పని చేసింది. ఇరుసుకు తొడగడానికి చెక్కిన మొదటి రెండు బుష్‌లూ పాడయ్యాయి. మూడోది సరిపోయింది. ఈ సంగతులేవీ ఇంటికి రాయలేదు.

ఏడాది తర్వాత అక్క నుంచి ఉత్తరం వచ్చింది. తనకు పదోన్నతి వచ్చిందని రెండు వాక్యాలు. చెల్లెలు ఎలా ఉందన్న ప్రశ్న లేదు. చదివి, మడిచి, జేబులో పెట్టుకుంది. జవాబు రాయలేదు.