చెయ్యి వణికేదాకా

మా ఆయన కొమురెల్లికి నవ్వు తక్కువ, మాట అంతకన్నా తక్కువ. నాచారంలో ఇనుము కరిగించి పోతపోసే ఫ్యాక్టరీలో పని. ఆ కొలిమి వేడికి మనిషిలో తడంతా ఇంకిపోయిందని నేను ఎగతాళి చేసేదాన్ని. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. బిడ్డ ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే నా మొహం చూసేవాడు. అలాంటి మనిషి ఒక గోల్ఫ్ కర్ర పుణ్యమా అని తెల్లారకముందే లేచి, కూతుర్ని వెంటబెట్టుకుని మిద్దెక్కడం మొదలుపెట్టాడు. అందుకే మొదట్లో నేను ఆ కర్రను ఏమీ అనలేదు. ఇప్పుడు దాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది.

గోల్ఫ్ మా ఇంటికి నా వల్లే వచ్చింది. నాగోల్ దాటాక మూసీ వైపు ఒక ప్రాక్టీసు మైదానం ఉంది. దాని క్యాంటీన్‌లో పనిచేస్తాను నేను. కార్లలో వచ్చినవాళ్ళు వరసగా నిలబడి తెల్లబంతుల్ని కంటికి ఆననంత దూరం కొడతారు. వాటిని ఏరుకొచ్చేవాళ్ళు వేరే ఉంటారు. పారేసుకుని ఏరించుకునే ఈ ఆట ఏమిటో నాకు ఈనాటికీ తలకెక్కలేదు. ఇంటర్ సెలవుల్లో మా హిమజ ఇంట్లో ఒక్కతే ఉండలేక నాతో వచ్చి కూర్చునేది. ఒక మధ్యాహ్నం, ఎండకు ఎవరూ రాని వేళ, కోచ్ ఉమామహేశ్వర్ సార్ దాని చేతికి పాత కర్ర ఒకటిచ్చాడు.

"ఊకె కూసునుడెందుకు, ఒకటి కొట్టి సూడు" అన్నాడు.

అది కొట్టిన బంతి తాడు పట్టి లాగినట్టు సూటిగా పోయింది. సార్ తన చేతిలో టీ సంగతి మరిచిపోయి ఇంకో బంతి పెట్టాడు, ఆ తర్వాత ఇంకోటి. ఆ రోజు నుంచి హిమజకు మైదానమే లోకమైంది. డిగ్రీలో చేరినా, కాలేజీ వదలగానే పుస్తకాల సంచీతో అక్కడికే వచ్చేది.

ఈ సంగతి చెబితే మా ఆయన అన్నం కలుపుకుంటూ, "గోలీలాటకు గంత పొడుగు కట్టెనా?" అన్నాడు. దాని ఆట గురించి ఆయన అన్న మొదటి మాట అదే. చాలాకాలం వరకు చివరి మాట కూడా అదే. పిల్ల మొహం చిన్నబోయింది. కానీ మాట్లాడని మనిషితో తగువెలా పెట్టుకుంటాం?

ఒకరోజు భోజనాల తర్వాత హిమజ నాతో మైదానం కబుర్లు చెబుతోంది. సార్ దగ్గర బరువు కర్ర ఒకటుందట. చూడటానికి మామూలు కర్రలాగే ఉంటుంది గానీ బరువు బాగా ఎక్కువట. ఆట మొదలుపెట్టే ముందు దాన్ని మెల్లగా కాసేపు ఊపితే ఒళ్ళు కదలికకు వస్తుందట. ఆ తర్వాత మామూలు కర్ర పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుందట.

గోడవైపు తిరిగి పడుకున్న మనిషి లేచి కూర్చున్నాడు.

"తాలీంల గదలు తిప్పినట్టా?" అని అడిగాడు.

మా ఆయనది ఉప్పల్ పాత ఊరు. పొలాలున్న రోజుల్లో ఆ ఊళ్ళో తాలీం ఉండేది, కుస్తీలు నేర్పి దంగల్ పోటీలకు తయారుచేసే చోటు. మా మామ, మామ తండ్రి, అందరూ ఆ మట్టిలో పొర్లినవాళ్ళే. కుస్తీకి దిగేముందు బరువైన కట్టె గదలను భుజాల మీదుగా తిప్పేవాళ్ళు. మా ఆయన కూడా మీసాలొచ్చేదాకా తిప్పాడు. తర్వాత పొలాలు పోయాయి, తాలీం పోయింది. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. కొడుకు పుడితే ఎక్కడో ఒకచోట తాలీంలో వేయాలని ఆయనకు ఉండేది. మాకు హిమజ ఒక్కతే. ఆడపిల్లతో ఏం మాట్లాడాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆ రోజు మాత్రం నేను గిన్నెలన్నీ కడిగి వచ్చేసరికి కూడా తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. గద ఎలా పట్టుకోవాలో ఆయన లేచి నిలబడి చూపిస్తున్నాడు. అది నోరు తెరుచుకుని వింటోంది. నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

కొద్దిరోజులకే ఫ్యాక్టరీ నుంచి ఒక కర్ర పట్టుకొచ్చాడు. మైదానంలో పక్కన పడేసిన పాత గోల్ఫ్ కర్ర అది, హిమజే తెచ్చిచ్చింది. దాని గొట్టంలో ఇనుప కడ్డీ దూర్చి, సీసం కరిగించి పోసి, తల దగ్గర ఒక కడియం బిగించాడు. పసుపు రాసి బొట్టు పెట్టాడు. నేను ఎత్తబోతే నా మణికట్టు మెలిపడింది.

"ఇది ఆడే కట్టెనా, దంచే రోకలా?" అన్నాను.

"నీకేం ఎర్క" అని నవ్వాడు. ఆయన నవ్వడం చూసి నేను నోరు మూసుకున్నాను.

మర్నాటి నుంచి మా మిద్దె తాలీం అయింది. ముందు నేలకు మొక్కాలి. తర్వాత కర్ర తిప్పాలి. ఎంతసేపన్నదానికి లెక్క లేదు, చెయ్యి వణికేదాకా తిప్పాలి. అది వాళ్ళ తాలీం కట్టుబాటు.

"చెయ్యి వణికితెనే తెరుసుకున్నట్టు బిడ్డా" అనేవాడు. "వణకని చెయ్యి ఇంక పండుకునే ఉన్నట్టు. మా నాయిన గట్లనే చెప్తుండె."

వణికిన ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, నువ్వులనూనె రాసి మెల్లగా పిసికేవాడు. పుట్టినప్పుడు ఎత్తుకోవడానికి కూడా జంకిన మనిషి. నేను మెట్ల మీద నిలబడి చూసేదాన్ని. ఇంతకన్నా నాకేం కావాలి అనుకునేదాన్ని.

హిమజ ఒకసారి ఆ కర్రను మైదానానికి తీసుకొచ్చింది. ఉమామహేశ్వర్ సార్ దాన్ని ఎత్తి చూసి వెంటనే కింద పెట్టేశాడు.

"ఇది మళ్ళ ముట్టకు హిమజా" అన్నాడు. "బరువు కర్ర ఒళ్ళును లేపనీకె, అలసగొట్టనీకె కాదు. మెల్లగ రెండు మూడు ఊపులు, తర్వాత తేలిక కర్ర. చెయ్యి గుంజుతుందంటే ఆపెయ్యాలె."

నన్ను కూడా పిలిచి అదే చెప్పాడు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన చెవిన పెట్టలేదు. "సార్‌ది పుస్తకం సదువు, మనది ఒంటి సదువు" అన్నాడు. హిమజ మైదానంలో సార్ చెప్పినట్టు చేసింది, మిద్దె మీద తండ్రి చెప్పినట్టు చేసింది. ఎవరినీ నొప్పించకూడదనుకుంది పిచ్చిది.

అంతలో ఒక పెద్ద అకాడమీవాళ్ళు మా మైదానానికి వచ్చి, ఆడపిల్లల్లో ఒకరిని ఎంచుకుంటారని తెలిసింది. ఎంపికైన పిల్లకు ఆట, చదువు, ఊళ్ళు తిరిగి పోటీలాడటం, అంతా వాళ్ళే చూసుకుంటారు. లేకపోతే డిగ్రీ అయ్యాక హిమజకు దొరికేది నాచారంలో ప్యాకింగ్ పనే, మా సందులో ఆడపిల్లలందరికీ దొరికినట్టే. హిమజకు ఢోకా లేదని సార్ నాతో అన్నాడు. ఊరికే మెచ్చుకునే రకం కాదాయన.

అప్పుడే దాని పక్కలో బామ్ వాసన పట్టాను. జడ వేసుకునేటప్పుడు కుడిచెయ్యి ఎత్తలేక తలే కిందికి వంచుతోంది. నిలదీశాను.

"దిండు సరిగ్గ లేదమ్మా" అంది.

"నాకు కథలు చెప్పకు. మీ డాడీకి చెప్త."

అది నా చెయ్యి పట్టుకుంది. "చెప్పకమ్మా. నొస్తుందంటే డాడీ ఇంక మిద్దె మీదికి రాడు" అంది.

నేను ఆగలేదు. అప్పటికప్పుడే పోయి ఆయనకు చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. గబగబా పిల్ల దగ్గరికి వచ్చి, "నొస్తుందా బిడ్డా?" అని అడిగాడు. ఆ అడిగిన తీరు చూస్తే, అవునంటే ఆ కర్రను అప్పుడే విరిచి పారేసేవాడే. హిమజ నావైపు చూడకుండా, "లేదు డాడీ, అమ్మకు ఊకె భయం" అని నవ్వింది. కుడిచెయ్యి ఊపి మరీ చూపించింది. ఆయన నమ్మాడు. నమ్మాలని ఉన్నవాడికి ఎంత చూపించాలి గనుక.

ఎంపిక రోజు ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. ఆ కర్రను కొత్త తువ్వాలలో చుట్టుకుని షేర్ ఆటోలో మాతో బయల్దేరాడు. అదేమిటని పక్కన కూర్చున్నాయన అడిగితే, "మా బిడ్డది" అన్నాడు. ఆ పక్కాయన దిగిపోయాక ఎక్కినవాళ్ళకు, వాళ్ళు అడక్కుండానే చెప్పాడు.

మైదానంలో సార్ పిల్లలందరితో మెల్లగా ఒళ్ళు సాగదీయించాడు. హిమజ వంతు రావడానికి ఇంకా టైముంది. నేను అకాడమీవాళ్ళకు టీలు పట్టుకెళుతూ చూస్తే పిల్ల కనిపించలేదు. తండ్రీ కనిపించలేదు. ట్రే అలాగే పట్టుకుని, కార్లు నిలిపే రేకుల షెడ్డు వెనక్కి పోయాను. హిమజ నేలకు మొక్కి లేచినట్టుంది, మోకాళ్ళకు మట్టి ఉంది. కర్ర తిప్పుతోంది.

"ఏందయ్యా ఇది? సార్ వద్దన్నడు గద" అన్నాను.

"దంగల్ దినం తాలీం ఇడుస్తరా? జర ఆగు, ఇంక వణకలే" అన్నాడు.

హిమజ పెదవి కొరుక్కుంటూ తిప్పుతూనే ఉంది. నేను ట్రే కింద పెట్టి కర్రను పట్టుకోబోయాను. అప్పటికే దాని చెయ్యి భుజం దాకా వణకడం మొదలైంది. మా ఆయన మొహం వెలిగిపోయింది. "సాలు బిడ్డా. తెరుసుకుంది" అన్నాడు. అవతల దాని పేరు పిలిచారు.

డ్రైవర్ అనే పొడుగు కర్ర తీసుకుని నిలబడింది. ఆ బరువు తర్వాత చేతిలో గడ్డిపోచ ఉన్నట్టే అనిపించిందని తర్వాత చెప్పింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరింది. బంతి ఎటుపోయిందో ఎవరూ చూడలేదు. కర్ర దాని చేతిలోంచి జారి పడిపోయింది. కేక కూడా పెట్టలేదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, తండ్రి ఎక్కడున్నాడా అని చుట్టూ వెతుక్కుంది.

రామంతాపూర్‌లో ఎముకల డాక్టరుకు చూపించాం. భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది తెగిపోయిందన్నాడు. ఒక్కరోజులో తెగింది కాదని, ఎన్నాళ్ళ నుంచో పీచుపీచుగా అరిగి ఇప్పుడు పూర్తిగా తెగిందని చెప్పాడు. "ఏం పని చేస్తుందమ్మా ఈ అమ్మాయి?" అని అడిగాడు. బరువులు మోసే పని అనుకున్నట్టున్నాడు. మా ఆయన తువ్వాల విప్పి కర్ర చూపించాడు. ఎలా తిప్పాలో, ఎప్పటిదాకా తిప్పాలో అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. డాక్టరు ఆయన్ను ఏమీ అనలేదు. ఎవరైనా చెడామడా తిట్టి ఉంటే బాగుండేది.

ఆపరేషన్ అయింది. అన్నం తినొచ్చు, రాసుకోవచ్చు, కొన్నాళ్ళకు జడ వేసుకోవచ్చు, గోల్ఫ్ మాత్రం మరిచిపొమ్మన్నారు. అకాడమీవాళ్ళు హరిచందన అనే పిల్లను తీసుకున్నారు. ఉమామహేశ్వర్ సార్ ఒకసారి పండ్లు పట్టుకొచ్చి, దాని పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

హిమజ ఏడవలేదు. "పోనీ అమ్మా, ప్యాకింగ్‌కే పోత. అందరు పోతలేరా?" అంది. దాని దిగులు అది కాదని నాకు తెలుసు.

భుజం బిగుసుకుపోకుండా రోజూ ఒక తేలిక కర్రను రెండుచేతులా పట్టుకుని పైకి లేపాలని దవాఖానాలో చెప్పారు. దానికోసం ఒక ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టుకుంది. ఇంట్లో చేసుకోవే అంటే వినదు. చీకటుండగానే లేచి మిద్దెక్కుతుంది. ఎక్కేముందు రోజూ అడుగుతుంది.

"డాడీ లేసిండా?"

ఆయన గోడవైపు తిరిగి ఉంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి.

"పండుకున్నడు బిడ్డా" అంటాను. అది ఒక్కతే మెట్లెక్కుతుంది.

ఒకరోజు నాకు ఓపిక చచ్చిపోయింది. దుప్పటి లాగేశాను. "లే. అది నీకోసం సూస్తుంది. ఆట పోయింది, దానికి నువ్వన్న మిగలద్దా?" అన్నాను.

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"నా చెయ్యి తాకకుంటే సాలు ఆ పిల్లకు" అన్నాడు.

మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. ఆ బరువు కర్ర ఆయన మంచం కిందే ఉంది. నన్ను పారేయనివ్వడు, తను ముట్టుకోడు. నొప్పి చెబితే తండ్రి దూరమవుతాడని ఆ పిల్ల దాచుకుంది. దాచుకున్నందుకే దూరమయ్యాడు. ఈ మాట దానితో అనే ధైర్యం నాకు లేదు, అది అనుకోకుండా ఉంటుందన్న నమ్మకమూ లేదు.

ఈరోజు పొద్దున నేనే మిద్దెక్కాను. హిమజ మెట్ల వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. వంగి నేలకు మొక్కి, పైపు ముక్కను పైకి లేపుతోంది. కుడిచెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. వణుకుతోంది. పిట్టగోడ మీద నువ్వులనూనె గిన్నె పెట్టుకుని ఉంది.

నా అడుగుల చప్పుడు విని గభాలున తిరిగింది.

"నువ్వా అమ్మా" అంది, చెయ్యి దించేసింది.