తెల్ల పెన్సిలు గీత

పైపు మీద కాగితపు టేపు మూడు చుట్లు బిగించి చుట్టి, ఆ చుట్టు నడిమధ్య రంపం ఆనించింది పైపులక్క. టేపు లేకుండా కోస్తే రబ్బరు మీద అల్లిన ఉక్కు తీగలు అరిగిన చీపురులా విచ్చుకుంటాయి. విచ్చుకున్న తీగ ఒక్కటి గోటి సందులో దిగిందంటే ఇక ఆ రోజంతా జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కూడా నరకమే. ఇరవై రెండేళ్లుగా ఆ తీగలు గుచ్చి గుచ్చి ఆమె వేళ్ల కొసలు మొద్దుబారాయి. వేడి గిన్నెను గుడ్డ లేకుండా దించగలదు.

ముందు గదిలో కిటికీ కింద బల్ల, బల్ల అంచుకు బిగించిన, పైపును కరిచిపట్టే వైసు. అదే ఆమె కార్ఖానా. బండ్ల ఇంజన్లలో నూనె పారే పైపులకు రెండు కొసలా ఫిట్టింగులు ఎక్కించడం పని. బండ్లు బాగుచేసే షెడ్డు మేస్త్రి పంపే వాను మూడు రోజులకోసారి సాయంత్రం నాలుగింటికి వచ్చి సరుకు దింపి, తయారైనవి పట్టుకుపోతుంది. ఈ ఇంటి నుంచి వెళ్లిన పైపు ఒక్కటీ ఇంతవరకు తిరిగి రాలేదు. ఆ మాట మేస్త్రి అంటాడు గానీ ఆమె అనదు.

కోసిన కొసకు ముందు కాలరు, అంటే ఇనుప తొడుగు, ఎక్కించింది. కాలరు అంచు ఆగినచోట పైపు చుట్టూ తెల్ల పెన్సిలుతో సన్నగా ఒక గీత గీసింది. ఇక మరలున్న సన్న గొట్టం నిప్పల్‌కు నూనె చుక్క రాసి లోపలికి తిప్పి బిగించాలి. బిగిస్తున్నప్పుడే పైపు మాయ చేస్తుంది. పలుపు సడలించుకునే దూడలా, చప్పుడు లేకుండా వెనక్కి జారుతుంది. జారితే గీత కాలరుకు ఎడంగా వచ్చేస్తుంది. గీత ఉన్నచోటే ఉంటే పైపూ ఉన్నచోటే ఉన్నట్టు. పనిలో ఉన్న మర్మమంతా అదే.

నూనె డబ్బా కోసం వంటింట్లోకి వెళ్లి చెంచాతో తిరిగొచ్చింది. ఎందుకు తెచ్చిందో ఆ చెంచాకే తెలియాలి. తనలో తను నవ్వుకుంది. ఈ మధ్య ఇలాంటి నవ్వులు ఎక్కువయ్యాయి.

పన్నెండోది పూర్తిచేసి చాప మీద వరసలో పెట్టబోతూ ఆగింది. వరసలో మూడింటి మీద గీత వేరేగా ఉంది. చుట్టూ తిరగలేదు. పైన మాత్రం పొట్టిగా, లావుగా, పలక మీద పిల్లలు గీసినట్టు ఉంది. ఒకదాన్ని ఎత్తి కళ్ల దగ్గర పెట్టుకుంది. బిగింపు తనదే. కాలరు మీద స్పానరు గీసుకుపోయిన వైపూ తనదే. గీత మాత్రం తనది కాదు. తనది కాకపోతే ఇంకెవరిది? నిద్రమత్తులో గీసిందా? చెయ్యి మారిపోయిందా? వాళ్ల అమ్మ ఆఖరి రోజుల్లో కన్న కూతుళ్లనే కూర్చోబెట్టి, మీరు ఎవరి పిల్లలమ్మా అని ఎంతో మర్యాదగా అడిగేది. అది గుర్తొచ్చి పైపును నెమ్మదిగా కింద పెట్టింది.

మధ్యాహ్నం చెల్లెలు పని నుంచి ఇంటికి వచ్చింది. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని ఆమెది. మడతలో అంచుకు అంచు కలవకపోతే ఆ రోజు ఆమెకు నిద్ర పట్టదు.

"ఇవి నేను గీసినవేనంటావా?" అని అడిగింది అక్క.

"నేను గీశా," చెప్పులు విడుస్తూ మామూలుగా అంది చెల్లెలు. "పొద్దున నువ్వు స్నానానికెళ్లినప్పుడు చూశా. వరసలో మూడింటికి లేదు. మర్చిపోయావేమోనని పెట్టా. మా లాండ్రీలో గుర్తు వెయ్యకుండా జేబురుమాలు కూడా గడప దాటదు. ఏం, వంకరొచ్చిందా?"

అక్క స్టూలు మీద కూర్చుంది. బిగించాక గీసిన గీత సాక్షి కాదు. అంతా అయిపోయాక వచ్చి, నేను చూశానని చెప్పే మనిషి. అది వివరించడానికి చాలాసేపు పట్టింది. చెల్లెలు రెండుసార్లు అర్థమైందని, ఒకసారి కాలేదని చెప్పింది.

"పోనీ పంపించెయ్యి అక్కా. నువ్వు బిగించినవి ఎప్పుడైనా ఊడాయా?"

"గీత గీసినవి ఊడలేదు."

అక్క మూడుసార్లు మర్చిపోయిందన్న మాట ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంది. దాన్ని ఇద్దరూ చూడనట్టే ఉన్నారు. విప్పి చూద్దామంటే, ఒకసారి పట్టు పడిన కొసను కోసి పారెయ్యాల్సిందే. పైపు కురచవుతుంది. కొత్తది చేద్దామంటే రబ్బరు పైపు చుట్ట పొద్దుటితో అయిపోయింది. ఇక గాలి కొట్టి నీళ్లలో ముంచి చూడటమొక్కటే దారి.

చెల్లెలు వీధి చివర పంక్చర్లు వేసే ఆయన్ని పిలుచుకొచ్చింది. వీధిలో అందరూ ఆయన్ని బావ అనే పిలుస్తారు. మీటరున్న కాలిపంపును చంకన పెట్టుకుని వచ్చాడు.

"పైపులక్కకు గాలెందుకు? ఎగురుదామనా?"

"ఎగిరే సోకు నీకే ఉంది బావా. ముందు ఆ పంపు ఇటివ్వు."

ఆయన ఒక కొసకు మూత, ఇంకో కొసకు ట్యూబు వాల్వు ఎలా బిగించాలో చూపించి, దుకాణంలో ఎవరూ లేరని వెళ్లిపోయాడు. పంపు వాళ్ల దగ్గరే వదిలేశాడు.

మొదటి పైపు తొట్టి నీళ్లలో పావుగంట ఉంది. ఏమీ రాలేదు. రెండోదానికి గాలి నిండుతుండగానే కాలరు పక్కన నువ్వు గింజంత బుడగ పుట్టింది. దాని వెనక ఇంకొకటి, తర్వాత వరస. అక్క ఆ బుడగల్ని కాదు, తన చేతుల్ని చూసుకుంటోంది. ఇంతకాలం తనతో కలిసి ఉండి కూడా అవి తనకు చెప్పకుండా ఏదో దాచినట్టు చూసింది.

మూడోదానికి ముల్లు నలభై దాకా గాలి కొట్టారు. నీళ్లు కదలకుండా ఉన్నాయి.

"ఇది మొదటిదా, మూడోదా?" ఉన్నట్టుండి అడిగింది అక్క.

"మూడోది."

"నిజంగా?"

"నిజంగానే అక్కా."

"నువ్వు చెప్తే సరే." పైపును నీళ్లలోకి ఇంకాస్త నొక్కి, "దీన్ని మాత్రం ఇవాళ పంపకు. నాకు నమ్మకం కుదరలేదు. చూస్తూ కూర్చుంటాలే, ముల్లు దిగితే పిలుస్తా," అంది.

నాలుగింటికి వాను వచ్చింది. చెల్లెలు పది పైపులు మోసుకెళ్లి ఇచ్చింది. ఈ ఇంట్లో లెక్క తగ్గడం ఇదే మొదటిసారని డ్రైవరు ఆశ్చర్యపోయాడు. ఒకటి పాడైందని, ఇంకోటి అక్క పరీక్షలో ఉందని చెప్పిందామె. పాసవ్వాలని మొక్కుకుంటానని నవ్వి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేసరికి అక్క గోడకు ఆనుకుని ఉంది. ఎడమ చెయ్యి మణికట్టు దాకా తొట్టిలోనే ఉంది. నిద్ర పట్టిందనుకుని, నీళ్లలో ఇలా నానితే కీళ్లు పట్టేస్తాయని గొణుగుతూ చెల్లెలు ఆ చేతిని పైకి తీసింది. తువాలు తెచ్చి ఒక్కో వేలూ తుడిచింది. మూడో వేలు తుడుస్తుండగా అది నిద్ర కాదని ఆమెకు తెలిసింది. అయినా మిగతా రెండు వేళ్లూ తుడిచింది.

మర్నాడు సాయంత్రానికి, అక్కను సాగనంపడానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. పంక్చర్ల బావ గుమ్మం దాకా వచ్చి, పంపు మాట ఎత్తకుండానే వెనక్కి తిరిగాడు. చెల్లెలు గది ఊడ్చింది, చాప చుట్టింది, స్టూలు తీసి గోడవార పెట్టింది. దేనికి సంతోషించాలో, దేనికి ఏడవాలో తేలక తొట్టి దగ్గర నిలబడింది. నీళ్ల అడుగున పైపు చుట్ట చుట్టుకుని పడుకుంది. బుడగ లేదు. మీటరు ముల్లు నలభై మీదే ఉంది.